పిలకాయలకి మొన్న అంటే ఎప్పుడు?

పోయిన ఏడాది జూలైలో మా బళ్లో మూడో తరగతి పిల్లాడు నన్నొక ప్రశ్న అడిగాడు. ఉదయగిరి కోట గురించి చెప్తున్నాను. కృష్ణదేవరాయలు వచ్చి కొండ చుట్టూ సైన్యాన్ని దించాడని, ఆ ముట్టడి నెలల తరబడి సాగిందని చెప్పేసరికి వాడు చెయ్యెత్తి, "టీచర్, అప్పుడు మా తాత చూసుంటాడా?" అన్నాడు. పక్కనున్న పాప వెంటనే "మీ తాత కాదురా, గాంధీ తాత చూసుంటాడు" అని సరిదిద్దింది. క్లాసులో ఎవరూ నవ్వలేదు. అందరికీ అది సబబైన మాటగానే అనిపించింది.

నేను పని చేసేది నెల్లూరు జిల్లా మెట్టలో, ఉదయగిరి వైపు, ఒక చిన్న ఎంపీపీ (మండల పరిషత్ ప్రైమరీ) స్కూల్లో. ఇద్దరం టీచర్లం. మూడు, నాలుగు, ఐదు తరగతులు నా గదిలోనే కూర్చుంటాయి. ప్రైమరీలో చరిత్ర అని విడిగా పుస్తకం ఉండదు, మూడు నుంచి ఐదు దాకా పరిసరాల విజ్ఞానంలోనే అక్కడక్కడా వస్తుంది, సోషల్ అని వేరే పుస్తకం చేతికొచ్చేది ఆరో తరగతిలోనే. అందుకని చాలామంది టీచర్లు ఆ పాఠాలను గబగబా చదివించి ఖాళీలు పూరించండి, జతపరచండి రాయించి ముందుకెళ్లిపోతారు. నేనూ చాలా ఏళ్లు అదే చేశాను. రాయలు ఏ వంశం, రాజధాని ఏది అంటే నా పిల్లలు ఠక్కున చెప్పేవాళ్లు. కానీ ఆ రాయలు వాళ్ల తాత కంటే ముందా వెనకా అని నేను ఎప్పుడూ అడగలేదు. అడగాలని తోచను కూడా లేదు.

ఆ రోజు ఇంటికెళ్తూ బస్సులో ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. మన పిలకాయలు వాడే మాటల్లో "మొన్న" అన్నదానికి అంతు లేదు. పోయిన వారం తిరునాళ్ల మొన్నే, రెండేళ్ల కింద తమ్ముడు పుట్టింది మొన్నే, కరోనా మొన్నే. మొన్నకి అవతల ఇంకొకటే ఉంటుంది, "అనగా అనగా ఒక ఊళ్లో". రాజులూ, గాంధీ గారూ, రామాయణంలో రాముడూ, అవ్వ చెప్పే దెయ్యం కథా అన్నీ ఆ ఒక్క గంపలోనే. ఎనిమిదేళ్ల పిల్లకి వందేళ్లూ ఐదు వందల ఏళ్లూ రెండూ చాలా ఎక్కువే, అంతకు మించి తేడా ఏం తెలుస్తుంది? తేదీ బట్టీ పట్టించడం వల్ల ఉపయోగం లేదని నేననను, కానీ ఆ అంకెను తగిలించడానికి ముందు గోడకొక మేకు ఉండాలి కదా. ఆ మేకు కొట్టడమే ప్రైమరీ టీచర్ పని అని నాకు గట్టిగా అనిపించింది.

మర్నాడు బట్టలారేసుకునే నీలం రంగు ప్లాస్టిక్ తాడు పాతిక మీటర్లు కొనుక్కెళ్లాను. లెక్క చాలా తేలిక. నా జాన ఒకటి అంటే పదేళ్లు. తాడు ఒక కొసను క్లాసు కిటికీ ఊచకు కట్టి, ఇది ఈరోజు అన్నాను. అక్కణ్ణుంచి వెనక్కి కొలుస్తూ పోవాలి. మొదట వాళ్ల పుట్టుక ముడి. ఎనిమిదేళ్ల వాళ్లకి జానకి కొంచెం తక్కువే వచ్చింది. "ఇంతేనా టీచర్?" అని ఒకమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది. తర్వాత అమ్మ ముడి, మూడు జానలకు కాస్త ఇవతల. అవ్వ ముడి దాదాపు ఆరు జానల దగ్గర. ప్రతి ముడికీ ఒక రంగు గుడ్డపేలిక. దర్జీ దగ్గర కత్తిరింపులు ఒక సంచి నిండా ఊరికే ఇచ్చారు.

ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది, అది ఏడు జానలు దాటి కొంచెం అవతల. గాంధీ గారు 1921 ఏప్రిల్‌లో మన పెన్నా ఒడ్డున పల్లిపాడుకి వచ్చి ఆశ్రమం ప్రారంభించారు, అది పది జానలు దాటాక. ఇక రాయలు ఉదయగిరి కోటను గజపతుల దగ్గర్నుంచి గెలుచుకున్న 1514కి కొలవాలంటే యాభై ఒక్క జానలు, అంటే మీటర్లలో పదికి పైనే. క్లాసు దాటి, వరండా దాటి, వంటగది గోడ దాకా పోయాం. పిల్లలు తాడు పట్టుకుని నడుస్తూ జానలు లెక్కపెడుతుంటే, తాతను అడిగిన ఆ పిల్లాడు సగం దూరంలో ఆగి వెనక్కి తిరిగి కిటికీ వైపు చూశాడు. "మా తాత అక్కడే ఉండిపోయాడు టీచర్" అన్నాడు. నేను నెల రోజులు నోటితో చెప్పినా వాడికి అది అందేది కాదు.

తిక్కన ఇంకా అవతల. మనుమసిద్ధి దగ్గర నెల్లూరులో మంత్రిగా ఉండి, భారతంలో విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలు తెలుగులో రాసిన ఆయన పదమూడో శతాబ్దం వాడు. మా తాడు మీద ఇంచుమించు డెబ్బై ఐదు జానలు. క్రీ.శ. 848 నాటి అద్దంకి శాసనం, తెలుగు పద్యం రాయి మీద చెక్కిన తొలి రోజులది, నూట పద్దెనిమిది జానలు. అది స్కూల్ గేటు దాటి రోడ్డు మీదకు పోయింది. రోడ్డు మీద పోయే ఆటో ఆయన ఆపి "ఏంది పంతులమ్మా, స్థలం కొలుస్తున్నారా?" అని అడిగితే పిలకాయలందరూ ఒక్కసారిగా "కాదు, కాలం కొలుస్తున్నాం" అని అరిచారు. ఆ మాట నేను నేర్పలేదు.

అయితే ఆ తాడు మీద నేను ఊహించని ఇబ్బంది ఒకటి వచ్చింది. గాంధీ గారి ముడికీ రాయల ముడికీ మధ్య నలభై జానల తాడు ఖాళీగా వేలాడుతోంది. ఐదో తరగతి అమ్మాయి అక్కడ నిలబడి "ఈడ ఎవరూ లేరా టీచర్?" అంది. మనుషులు లేకుండా ఎట్టా ఉంటారు, అందరూ ఉన్నారు, దున్నారు, కోశారు, చెరువులు తవ్వారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, మన పుస్తకంలో చోటు లేదంతే అని చెప్పాను. చెప్పాను గానీ ఆ జవాబు నాకే చాలలేదు. రాజు యుద్ధం చేసిన ఏడాదికే ముడి పడుతుంది, చెరువుకట్టకు మట్టి మోసిన ఏడాదికి పడదు. మార్కాపురం వైపు కంభం చెరువు కొన్ని వందల ఏళ్లుగా నీళ్లిస్తోంది, రెండు కొండల మధ్య సందును మట్టికట్టతో మూసి గుండ్లకమ్మ నీళ్లు నిలబెట్టారు. ఆ చెరువును కట్టించిన రాణి వరదరాజమ్మ పేరు జనం ఇప్పటికీ తలచుకుంటారు. కానీ తట్ట మోసిన వాళ్ల పేరు ఒక్కటి కూడా ఎవరికీ తెలియదు. పిల్లలు ఇప్పుడు ఆ ఖాళీ తాడు మీద తెల్లపేలికలు కట్టుకుంటున్నారు. పేర్లు తెలియని వాళ్ల కోసం అని వాళ్లే పెట్టుకున్న లెక్క.

ఇంకొక పని నాణేలతో చేశాం. తలా ఒక నాణెం తెచ్చి దాని మీద సంవత్సరం చదివి, పాతది ముందు కొత్తది వెనక వరుసలో పెట్టాలి. ఒకటో తరగతి వాళ్లు కూడా అంకెలు వస్తే ఈ పని చేసేయగలరు. ఎవరో అవ్వ పెట్టెలోంచి అంచులు వంకీలు తిరిగిన పది పైసలు తెచ్చారు, ఇంకొకరు ఆరు పలకల ఇరవై పైసలు. ఒకడు పావలా తెచ్చాడు. "నీకు పావలా కూడా ఇవ్వను" అని ఇంట్లో వినడమే తప్ప పావలాను చూసిన వాళ్లు క్లాసులో ఒక్కరూ లేరు, 2011లో దాన్ని చెల్లకుండా చేసేశారు కదా, అప్పటికి వీళ్లెవరూ పుట్టలేదు. పావలా అంటే నాలుగణాలని, రూపాయికి పదహారణాలు ఉండేవని, 1957లో పైసల లెక్క వచ్చాక అణాలు పోయినా మాట మాత్రం మిగిలిందని చెప్తే వాళ్లకి అదొక పెద్ద వింత. ఆ సాయంత్రం ఇళ్లకెళ్లి పాత మాటలు ఏరుకొచ్చారు. బేడ, కుంచం, మానిక, లాంతరు, తిరగలి. కుంచంతో వడ్లు కొలవడం చూపించడానికి ఒక అవ్వ కుంచం పట్టుకుని బడికే వచ్చేసింది. ఎంత పొందిగ్గా కొలిచిందో, గింజ కింద పడలేదు.

దీనివల్ల పిల్లలకి పట్టుబడిన ముఖ్యమైన అలవాటు "ఎట్టా తెలుసు?" అని అడగడం. మీకెట్టా తెలుసు టీచర్, మీరు చూశారా అని నన్నే నిలదీస్తున్నారు. నాకు ఎంత సంతోషమో చెప్పలేను. రాయలు ఉదయగిరి నుంచి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి అక్కడ గుడి కట్టించాడని చెప్తే, ఎట్టా తెలుసు అన్నారు. హంపి కృష్ణాలయంలో రాయించిన శాసనం ఉందని, ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉందని చెప్పాను. "మన కొండ మీది సామిని మనకెందుకు తిరిగియ్యలేదు?" అని ఒకడు, "కోటలోపల ఉన్నోళ్లు అన్ని నెలలు ఏం తిన్నారు?" అని ఇంకొకడు. పెద్ద క్లాసుల్లో ముట్టడి గురించి చదివినప్పుడు నాకు ఈ రెండో ప్రశ్న రాలేదు. కొండ మీద కోట కాబట్టి నీళ్లకు కోనేళ్లు ఉండాలి, గాదెల్లో గింజలు ఉండాలి, అవి అయిపోతే తలుపులు తెరవాల్సిందే, అందుకే ముట్టడి అంటే సగం కాచుక్కూర్చోవడమే. ఈ సంగతి మేం ప్రశ్న మీద ప్రశ్న వేసుకుంటూ, ఒక పీరియడ్ మొత్తం పెట్టి, మాకు మేమే తేల్చుకున్నాం. సిలబస్ ఒక రోజు వెనకబడింది. పడనీ.

మా స్కూలు బోర్డు మీద జిల్లా పేరు పూర్తిగా రాసి ఉంటుంది, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అని. మూడో తరగతి వాళ్లలో సగం మంది ఆయన పొట్టిగా ఉండేవాడు కాబట్టి ఆ పేరు వచ్చిందనుకుంటున్నారు. ఇంటిపేరని చెప్పాక, ఆంధ్ర రాష్ట్రం కోసం 1952 అక్టోబరు 19న నిరాహార దీక్షకు కూర్చుని డిసెంబరు 15న కన్నుమూశారని చెప్పాను. 58 రోజులు. పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టి, మధ్యాహ్న భోజనం గంట 58 సార్లు కొట్టినా లేచి వెళ్లకపోవడం అని వాళ్లకి వాళ్లే చెప్పుకుని కాసేపు నిశ్శబ్దమైపోయారు. ఇక్కడిదాకా అందరూ చెప్తారు. నేను ఇంకొకటి కూడా చెప్పాను. ఆయన అంతకుముందే, 1940లలో, నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుళ్లోకి హరిజనులను రానివ్వాలని కూడా నిరాహార దీక్ష చేశారు. గుళ్లోకి ఎందుకు రానివ్వలేదు అన్న ప్రశ్న వస్తుందని నాకు తెలుసు, వచ్చింది కూడా.

చిన్నపిల్లలకి కులం గురించి చెప్పకూడదని, వాళ్ల మనసులో లేనిది మనం పెట్టకూడదని నాతో చాలామంది తోటి టీచర్లు అంటారు. నేను ఒప్పుకోను. మా బళ్లో సగం మంది పిల్లలు ఎస్సీ కాలనీ నుంచి వస్తారు. ఎవరి ఇంట్లో ఎవరు గ్లాసు ముట్టుకోకూడదో వాళ్లకి నాకంటే బాగా తెలుసు. తెలియనట్టు నటిస్తున్నది మనమే. అందుకని మెత్తగా, కానీ దాచకుండా చెప్పాను. పుట్టిన ఇంటిని బట్టి కొందరిని గుడికీ, బావికీ, బడికీ కూడా దూరం పెట్టేవాళ్లు, అది తప్పు, తప్పని తెలిసి ఎదురు నిలబడిన వాళ్లు ఉన్నారు, వాళ్ల వల్లే ఈరోజు మీరందరూ ఒకే బంతిలో కూర్చుని తింటున్నారు అని. ఒక పాప లేచి, "మా అవ్వని బళ్లోకి రానియ్యలేదంట టీచర్, కిటికీ కాడ నిలబడి విన్నిందంట" అంది. నా దగ్గర మాట లేకపోయింది. ఆ పూట ఇంకేం చెప్పలేదు. ఆ అవ్వ ముడి దగ్గర మా తాడు మీద ఇప్పుడొక చిన్న కిటికీ బొమ్మ వేలాడుతోంది, ఆ పాపే గీసింది.

ఆగస్టు 15 వేషాల గురించి ఒక్క మాట. ప్రతి ఏడూ ఒకరికి ప్రకాశం పంతులు వేషం వేస్తాం, చొక్కా గుండీలు విప్పి ఛాతీ చూపిస్తాడు, అందరూ చప్పట్లు కొడతారు. 1928 ఫిబ్రవరిలో మద్రాసులో సైమన్ కమిషన్ వద్దని జనం వీధుల్లోకి వచ్చారు, అక్కడ పోలీసులు తుపాకులు ఎక్కుపెట్టారు. ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టి, పూట గడవని ఇంటి నుంచి పైకొచ్చి పెద్ద ప్లీడరై, బాగా నడుస్తున్న ఆ వృత్తినే వదిలేసిన మనిషి ఆ తుపాకుల ఎదురుగా నిలబడ్డాడు. ఇదంతా తెలియకుండా గుండీలు విప్పితే పిల్లాడికి ఏం మిగులుతుంది? నాకైతే వేషం వేసిన పిల్లాడు ఆ రోజు ఆయన ఎందుకు అక్కడికి వెళ్లాడో తన మాటల్లో రెండు వాక్యాలు చెప్తే చాలు. ఈసారి అట్నే చేయించాను.

ఇక సారా సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను.

1992లో మన జిల్లాలోనే దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం గురించి మా పిల్లలకి చెప్పాలనుకున్నాను. రాజులు లేని, ఆడవాళ్లు నడిపిన, వాళ్ల అవ్వల కాలం నాటి చరిత్ర. అప్పట్లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది. రాత్రి బళ్లలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు, తాగి వచ్చే మొగుళ్లతో వేగుతున్న ఆడవాళ్లు, వాచకంలో తమ లాంటి ఊళ్లో ఆడవాళ్లు ఏకమై సారా కొట్టు మూయించిన పాఠం చదివి, మనమెందుకు చేయకూడదు అనుకున్నారు. దూబగుంట రోశమ్మ లాంటి వాళ్లు ముందు నిలబడ్డారు. కొట్లు మూయించారు, సారా వేలం పాటల్ని అడ్డుకున్నారు, ఊరి నుంచి ఊరికి పాకింది, చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించాల్సి వచ్చింది. పిల్లలకి చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది, చదువు నేర్చుకున్నందువల్ల ఏం జరిగిందో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది.

అందుకని, మీ అవ్వల్ని అడిగి రండి, మన ఊళ్లో అప్పుడు ఏం జరిగిందో కనుక్కోండి అని పంపాను. అక్కడే పొరపాటు చేశాను. ఒక అమ్మాయి ఇంటికెళ్లి అన్నం తింటున్న తాతను, నలుగురి ముందు, "తాతా, నువ్వు కూడా సారా తాగి అవ్వని కొట్టేవాడివా?" అని అడిగింది. పాపం, పసిపిల్ల, ప్రశ్న అడగమని పంపింది నేనే. ఆయన పళ్లెం ముందు నుంచి లేచిపోయాడట. మర్నాడు వాళ్లమ్మ వచ్చి చెప్పుకుని బాధపడింది. చరిత్ర అంటే ఇంట్లో మనుషుల బతుకు కూడా అని చెప్పే నేను, ఆ బతుకు ఇంకా నొప్పెడుతూనే ఉంటుందని ఆలోచించలేదు. సాయంత్రం వాళ్లింటికి వెళ్లి ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన ఏం మాట్లాడలేదు, కూర్చోమని మంచం చూపించాడు, అంతే. అప్పటి నుంచి ఇంటికి పంపే ప్రశ్నలు ముందు నాతో కూర్చుని రాసుకున్నాకే పంపుతున్నాను. "నువ్వు చేశావా" అని ఉండదు, "అప్పుడు ఊళ్లో ఏం చూశావు" అని ఉంటుంది.

మిగతా పిల్లలు తెచ్చిన కథలు ఒకదానికొకటి పొసగలేదు. ఒక అవ్వ ప్యాకెట్లన్నీ నడివీధిలో కుప్ప పోసి తగలబెట్టామంది. ఇంకో అవ్వ అదేం లేదు, చెరువుకట్ట మీద పారబోశామంది. ఎవరిది నిజం టీచర్ అని పిల్లలు రెండు జట్లుగా విడిపోయి వాదించుకుంటున్నారు. నేను తీర్పు చెప్పలేదు, ఇంకొకరిని అడుగుదాం అన్నాను.

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆ తాత తనంతట తానే బడికి వచ్చాడు. వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని, మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, పిల్లలందరినీ దగ్గరికి పిలిచాడు. "రెండూ జరిగినయ్యిరా" అన్నాడు. మొదటి రోజు తగలబెట్టారని, తర్వాత దొంగచాటుగా వచ్చిన సరుకును కట్ట మీద పోశారని, కొట్టు ఇప్పుడు సెల్ టవర్ ఉన్న చోట వేపచెట్టు కింద ఉండేదని, ఆ రోజు తాను ఆ చెట్టు వెనకాలే నిలబడి చూస్తున్నానని, తన ఇల్లాలు చీపురు పట్టుకుని అందరికంటే ముందు నడిచిందని చెప్పాడు. ఆవిడ పోయి ఆరేళ్లయింది. చెప్పడం అయ్యాక ఆయనే లేచి తాడు దగ్గరికి నడిచి, "మీ అవ్వది ఏ ముడి?" అని మనవరాలిని అడిగాడు.